నడిచొచ్చాడు సరే, పెట్టె ఎలా వచ్చింది?

పిల్లల్ని ఏదైనా ప్రయాణం గురించి చెప్పమనండి, పళ్ళు తోముకోవడంతో మొదలుపెడతారు. "మేము ఉదయం నాలుగు గంటలకు నిద్ర లేచాము. బ్రష్ చేసుకున్నాము. స్నానం చేసి కొత్త బట్టలు వేసుకుని బస్టాండుకు వెళ్ళాము." అక్కణ్ణుంచి బస్సు, బస్సు దిగాక దర్శనం, దర్శనం అయ్యాక భోజనం, చివర్లో "చాలా ఆనందంగా గడిపి సాయంత్రానికి ఇంటికి చేరుకున్నాము." సింహాచలం అయినా, అరసవల్లి అయినా, అరకు అయినా ఇదే వ్యాసం, ఊరి పేరు మారుతుందంతే. తెలుగు టీచర్ని కదా, ఈ వ్యాసాన్ని ఎన్నిసార్లు దిద్దానో లెక్క లేదు, నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేస్తాను.

పిల్లల్ని అని లాభం లేదు లెండి. "మీరు చూసిన విహారస్థలం గురించి మిత్రునికి లేఖ రాయండి" అని పరీక్షలో అడుగుతాం, దానికి గైడులో ఒక నమూనా ఉంటుంది, వాళ్ళు దాన్ని బట్టీ పట్టి మన మొహాన కొడతారు. అదే పిల్లాడు ఇంటర్వెల్లో చెట్టు కింద నిలబడి, ముందురోజు రాత్రి వాళ్ళ నాన్న బండిలో పెట్రోల్ అయిపోతే సోంపేట నుంచి ఇద్దరూ తోసుకుంటూ వచ్చిన సంగతీ, మధ్యలో కుక్కలు వెంటపడితే నాన్న బండి వదిలేసి తన వెనక దాక్కున్న సంగతీ చెప్తుంటే చుట్టూ పది మంది మూగిపోయి ఉంటారు. చేతులు, కళ్ళు, గొంతు అన్నీ కథ చెప్తుంటాయి. బెల్లు కొట్టాక లోపలికొచ్చి పెన్ను పట్టుకున్నాడా, మళ్ళీ బ్రష్.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరి హైస్కూలు. మా పిల్లల ఇళ్ళల్లో ప్రయాణాలకేం కరువు లేదు. తండ్రులు గుజరాత్‌లోని వేరావల్‌కి వేటకి వెళ్తారు, అన్నలు చెన్నైలోనో హైదరాబాద్‌లోనో బిల్డింగు పనుల్లో ఉంటారు, కొంతమంది పిల్లలు వేసవి సెలవులు మొత్తం వాళ్ళ అమ్మానాన్నలు పనిచేసే చోట రేకుల షెడ్డులో గడిపి వస్తారు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరి తోటల్ని పడగొట్టాక ఊళ్ళు వదిలినవాళ్ళు ఉన్నారు. ప్రతి ఇంట్లో ఒక పెద్ద ప్రయాణం ఉంది. కానీ అది ఒక్క వాక్యంగా ఉంటుంది. "మా నాన్న వేరావల్‌లో ఉంటాడు మేడం." "మా అన్న చెన్నై ఎల్లిపోయాడు." ఫుల్‌స్టాప్. ఆ తర్వాత తవ్వితే ఏమైనా వస్తుందని పిల్లలకీ తెలియదు, ఇంట్లో పెద్దవాళ్ళకీ తెలియదు.

మా ఇంట్లోనూ అలాంటి వాక్యం ఒకటి ఉంది. "మా తాత రంగం నుంచి నడిచొచ్చాడు." అనేది మా నాన్న, తాత అంటే ఆయన తాత, నాకు ముత్తాత. రంగం అంటే రంగూన్, మా వైపు పాతవాళ్ళు అలాగే అంటారు. ఒకప్పుడు మా వైపు నుంచీ, విశాఖ, గోదావరి వైపు నుంచీ జనం వేలకు వేలు బర్మా వెళ్ళి బియ్యం మిల్లుల్లో, ఓడరేవులో కూలి చేసేవారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీద అక్కడివాళ్ళు తెలుగువాళ్ళందర్నీ కోరంగీలనే పిలిచేవారట. 1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి, మార్చి రెండో వారం వచ్చేసరికి ఊరు వాళ్ళ చేతిలో ఉంది. ఓడ టిక్కెట్టు దొరికినవాళ్ళు ఓడెక్కారు, దొరకనివాళ్ళు లక్షల మంది కాలినడకన ఇండియా దారి పట్టారు. మా ముత్తాత ఆ రెండో రకం.

ఈ వాక్యం మా ఇంట్లో పెళ్ళిళ్ళప్పుడు వినిపిస్తుంది, తద్దినాలప్పుడు వినిపిస్తుంది, ముఖ్యంగా పిల్లలెవరైనా నడవలేమని మారాం చేసినప్పుడు తప్పకుండా వినిపిస్తుంది. "మీ ముత్తాత రంగం నుంచి నడిచొచ్చాడు, నువ్వు కిరాణా కొట్టు దాకా వెళ్ళి రాలేవురా?" నేనూ ఆ మాట విని ఉప్పు తెచ్చినదాన్నే.

మొన్న వేసవిలో మా అన్నయ్య కూతురు హైదరాబాద్ నుంచి వచ్చింది, ఏడో తరగతి. మధ్యాహ్నం కరెంటు పోయి అందరం వసారాలో చాపలేసుకుని పడుంటే, మా నాన్న దేనికో మళ్ళీ ఆ వాక్యం అన్నారు. వసారాలో గోడకి ఆనించి ఒక టేకు పెట్టె ఉంటుంది. మూలలకి ఇత్తడి రేకులు, మూత ఎత్తాలంటే ఇద్దరు కావాలి, లోపల దుప్పట్లూ మా అమ్మ ఎవరికీ ఇవ్వకుండా దాచే గిన్నెలూ ఉంటాయి. అది అసలు సిసలు బర్మా టేకు అనీ, ముత్తాత రంగం నుంచి తెచ్చాడనీ ఇంటిల్లిపాదికీ తెలుసు. పిల్ల ఆ పెట్టె మీదే తల పెట్టుకుని ఉంది. లేచి కూర్చుంది.

"తాతయ్యా, నడిచొచ్చాడు సరే, మరి ఈ పెట్టె ఎలా వచ్చింది?"

నాన్న నోరు తెరిచి మళ్ళీ మూసేశారు. డెబ్భై ఏళ్ళుగా ఆయన ఆ రెండు ముక్కలూ ఒక గుక్కలో చెప్తున్నారు, ఒకదానికొకటి పొసగదని ఆయనకే కాదు, వినే మాకెవ్వరికీ తట్టలేదు. మా అమ్మ మాత్రం నవ్వాపుకోలేక లోపలికెళ్ళిపోయింది.

సాయంత్రం ఇచ్ఛాపురంలో ఉన్న మా మేనత్తకి ఫోన్ చేశాం. నాన్నకంటే ఆరేళ్ళు పెద్దది, చెవి కొంచెం మందగించింది గానీ జ్ఞాపకం కాదు. స్పీకర్ ఆన్ చేసి, నువ్వే అడగమని పిల్ల చేతికిచ్చాం.

"ఓలమ్మ, ఏటే గుంటా నీకొచ్చిన డౌటు! పెట్టి ఓడ మీదొచ్చినాది. సెల్లెలి పెళ్ళికొచ్చినప్పుడు తెచ్చినాడు. మడిసి తరవాతెప్పుడో నడిసొచ్చినాడు. రొండూ ఒకపాలి రాలేదు."

అంటే ముత్తాత ఒక్కసారి వెళ్ళి ఒక్కసారి వచ్చిన మనిషి కాదు. వెళ్ళడం, రెండు మూడేళ్ళు చెయ్యడం, కాస్త డబ్బు కూడితే ఓడెక్కి రావడం, పెళ్ళో అప్పో తీర్చుకుని మళ్ళీ వెళ్ళడం. రంగం వెళ్ళినవాళ్ళలో చాలామంది బతుకు అదే, ఇప్పుడు వేరావల్ వెళ్ళేవాళ్ళ బతుకు కూడా ఇంచుమించు అదే. మేం వాటన్నిటినీ కలిపి ఒక వాక్యం చేసేశాం.

ఇంక పిల్ల వదల్లేదు. నడిచొచ్చినప్పుడు చేతిలో ఏముంది? సత్తు గిన్నె ఒకటి, నడుముకి కట్టిన తువ్వాలు. చెప్పులున్నాయా? "ఆ రోజుల్లో సెప్పులెవులికే." ఎప్పుడు చేరాడు? తారీఖు ఆవిడకి తెలియదు. కానీ "వైజాగు మీద బాంబులు పడ్డాక, నాను మాయమ్మ కడుపులో ఉన్నప్పుడు" అంది. ఇది నాకు భలే నచ్చింది. విశాఖపట్నం మీద జపాన్ బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న. మేనత్త పుట్టింది ఆ ఏడు శ్రావణమాసంలో. ఆ రెంటి మధ్యలో ఎప్పుడో ఒక సాయంత్రం ముత్తాత గుమ్మంలో నిలబడ్డాడన్నమాట. పెద్దవాళ్ళని "ఏ సంవత్సరం?" అని అడిగితే "ఏమో" అంటారు, అదే "తుఫానుకి ముందా తర్వాతా? చిన్నాన్న పుట్టాడా అప్పటికి? ఇంటికి కరెంటు వచ్చిందా?" అని అడిగితే లెక్క వాళ్ళే తేలుస్తారు. పిల్ల కాగితం మీద అడ్డంగా ఒక గీత గీసి, ఈ చివర బాంబులు, ఆ చివర మామ్మ పుట్టడం, మధ్యలో ఒక మనిషి బొమ్మ వేసింది.

తర్వాత అడిగింది, ఎవరితో వచ్చాడని.

మేనత్త వెంటనే ఏం అనలేదు. ఫోన్ కట్ అయిందేమో అనుకున్నాం. "ఇద్దరు బయలెల్లినారే" అంది.

ముత్తాతకి ఒక తమ్ముడున్నాడని మా నాన్నకే తెలియదు. ప్రోము దాటాక వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయట, రెండు రోజులు. అంతకుమించి ఆవిడ చెప్పలేదు. తర్వాత నేను చదివి తెలుసుకున్నది ఏమిటంటే, రంగూన్ నుంచి చాలామంది ముందు ప్రోము అనే ఊరికి చేరి, ఐరావతి నది దాటి, టౌంగప్ కనుమ మీదుగా అరకాన్ తీరానికి దిగి, అక్కణ్ణుంచి పడవల్లో అక్యాబ్, చిట్టగాంగ్ వైపు వచ్చేవారు. రంగూన్ నుంచి ప్రోముకే రెండు వందల యాభై కిలోమీటర్ల పైమాట. ఆ దారిలో నీళ్ళు లేవు, ఉన్నచోట కలరా. మా ఇంటి వాక్యంలో మాత్రం నడిచొచ్చినవాడు ఒక్కడే ఉండేవాడు.

పిల్ల నావైపు చూసి, "మామ్మా, మళ్ళీ రేపు మాట్లాడదాం, నువ్వు భోంచెయ్యి" అని ఫోన్ పెట్టేసింది. ఆ ఇంగితం దానికి ఎవరు నేర్పారో తెలియదు, నేనైతే కాదు.

బడి తెరిచాక ఇదే క్లాసులో పెట్టాను. అప్పటిదాకా నా తాపత్రయమంతా చెప్పేవాడి మీదే ఉండేది, ఇలా మొదలుపెట్టు, అలా వర్ణించు అంటూ. కథ పుట్టింది వినేవాళ్ళ ప్రశ్న దగ్గర కదా, అందుకని వినేవాళ్ళకి అడగడం నేర్పితే పోతుందనిపించింది. ఆలోచిస్తే ఇది మనకి కొత్తేం కాదు. బుర్రకథలో కథకుడు తంబుర పట్టుకుని ఊగిపోతుంటే రెండు పక్కలా ఇద్దరు వంతలుంటారు. రాజకీయ వంత, హాస్య వంత. వాళ్ళు తందాన తాన అనడానికి మాత్రమే ఉన్నారనుకుంటే పొరపాటే, ఒకరు కథని ఇవాళ్టి లోకానికి ముడిపెడతారు, ఒకరు వేళాకోళం చేస్తూనే జనం మనసులో ఉన్న ప్రశ్న అడిగేస్తారు. ఊ కొట్టేవాళ్ళు లేకపోతే కథ కదలదని పొలాల గట్ల మీద కథలు చెప్పుకున్నవాళ్ళందరికీ తెలుసు. ఇప్పటి పిల్లలు చాలామంది బుర్రకథ చూడలేదు, ఫోన్లో ఒక వీడియో చూపించాను, తొడల మీద దరువేయడం వెంటనే పట్టేశారు, తలుపులు మూసుకోవాల్సి వచ్చింది.

మా పద్ధతి ఇదీ. ముగ్గురు ముందుకొస్తారు. మధ్యలో కథ చెప్పేవాళ్ళు, చెరో పక్కా ఒక వంత. మొదటి వంత పని అనుమానించడం. లెక్క కుదరకపోయినా, మనిషి మాయమైపోయినా, ఉదయం చేతిలో ఉన్న సంచి సాయంత్రానికి లేకపోయినా పట్టుకోవాలి. రెండో వంత పని, చెప్పేవాడు పుస్తకం మాట్లాడితే ఆపడం. "ప్రకృతి సౌందర్యానికి ముగ్ధులమయ్యాము" అన్నాడనుకోండి, "ముగ్ధులయ్యాక ఏం చేశార్రా?" అనాలి. ఈ రెండో వేషానికి మా క్లాసులో గిరాకీ చాలా ఎక్కువ, ఆ మాట పడేదాకా కాచుక్కూర్చుంటారు. ఇంట్లోంచి బయల్దేరడం, ఇంటికి చేరడం రెండూ నిషేధం. బ్రష్ పేరెత్తితే కథ రద్దు.

బయల్దేరకుండా, చేరకుండా ఎలా చెప్తాం మేడం అని మొదట్లో గొడవ చేశారు. మజిలీ చెప్పండి చాలు అన్నాను. 1830 మే నెలలో ఏనుగుల వీరాస్వామి గారు మద్రాసు నుంచి పల్లకీలతో, పరివారంతో కాశీకి బయల్దేరి పదిహేను నెలలకి తిరిగొచ్చారు. కోర్టులో దుబాసీగా చేసిన మనిషి, మజిలీ మజిలీకీ ఆగినచోట నీళ్ళెలా ఉన్నాయి, అంగళ్ళున్నాయా, దారి ఎలాంటిది అని రాసిపెట్టుకున్నారు. ఆ రోజుల్లో తర్వాత వెళ్ళేవాళ్ళకి కావలసింది అదే. ఇప్పుడు మన పిల్లలకి గూగుల్ మ్యాప్ ఉంది కాబట్టి నీళ్ళ సంగతి అక్కర్లేదు, కానీ ఒక్కచోట ఆగి చుట్టూ చూడటం మాత్రం ఇప్పటికీ కావాలి. మజిలీకి ఒక మనిషి, ఒక వస్తువు, ఎవరో అన్న ఒక మాట. ఈ మూడూ ఉంటే నేను ఇంకేం అడగను.

ఒక అమ్మాయి అరకు ప్రయాణం చెప్పింది. విశాఖ నుంచి కిరండూల్ వైపు వెళ్ళే రైలు మా పిల్లలకి ఇష్టం, ఆ లైనులో 58 సొరంగాలున్నాయంటారు, సొరంగం వచ్చినప్పుడల్లా బోగీలో పిల్లలందరూ గొంతు చించుకుని అరవడం ఆచారం. ఈ అమ్మాయి తమ్ముడు సొరంగానికొకసారి అరిచి అరిచి, తీరా బొర్రా గుహల్లోకి వెళ్ళి "ఇప్పుడు అరువు, మళ్ళీ వినిపిస్తుంది" అంటే గొంతులోంచి గాలి తప్ప ఏం రాలేదట. క్లాసంతా నవ్వు. అప్పుడు అంది, "మా మామ్మ మటుకు సొరంగం వచ్చిన ప్రతిసారీ మెళ్ళో గొలుసు పట్టుకుని కూర్చుంది."

అనుమానం వంత ఊరుకుంటాడా? "చీకట్లో నీకెలా తెలిసింది?"

"ఎలుతురొచ్చినప్పుడల్లా చెయ్యి అక్కడే ఉంది."

ఆ ఒక్క జవాబు కోసం నేను ఎన్ని విహారయాత్రల వ్యాసాలైనా వదులుకుంటాను. చూసిందాన్ని చూసినట్టు చెప్పడమే కాకుండా, అది తనకెలా తెలిసిందో కూడా చెప్పింది. తొమ్మిదో తరగతిలో ఎవరూ చెప్పని పాఠం.

వేరావల్ సంగతి దీనికంటే కష్టం, ఎందుకంటే ఆ ప్రయాణంలో పిల్లలు లేరు. ఆగస్టులో అక్కడ వేట మొదలయ్యే వేళకి మనవాళ్ళు ఆమదాలవలసలో రైలెక్కుతారు, మళ్ళీ ఎండాకాలానికి గానీ ఇల్లు చేరరు. బోటు యజమాని ముందే ఇచ్చిన అడ్వాన్సు ఇంట్లో ఎప్పుడో ఖర్చయిపోయి ఉంటుంది. ఒక పిల్లాడు లేచి, "మా నాన్న వేరావల్ ఎల్తాడు" అని కూర్చోబోయాడు. వంత కూర్చోనివ్వలేదు. "ఎల్లేటప్పుడు సంచిలో ఏటుంటాది?"

అక్కడ తెరుచుకుంది. చింతపండు, ఎండుమిరపకాయలు, ఆవకాయ, రెండు కిలోల కారం. బోటు మీద వంట వాళ్ళదే, అక్కడి కారం కారంలా ఉండదట. వాళ్ళమ్మ కారాన్ని కవర్లో పోసి, కవరుని నాన్న పాత లుంగీ గుడ్డలో చుట్టి సూదీ దారంతో కుట్టేస్తుంది. అయినా ఒకసారి రైల్లో పై బెర్తు మీద సంచి నలిగి కుట్టు విడిపోయింది. ఫ్యాను గాలికి బోగీ మొత్తం తుమ్ములు. ఎవరో హిందీ ఆయన తుమ్ముకుంటూనే తిట్టడం, తిట్టలేక మళ్ళీ తుమ్మడం, వీళ్ళ నాన్న క్షమాపణ చెప్పబోయి తనూ తుమ్మడం, ఇదంతా ఆ పిల్లాడు చూడలేదు, వాళ్ళ నాన్న ఫోన్లో చెప్తే విన్నాడు. కానీ ముగ్గురి తుమ్ములూ మూడు రకాలుగా చేసి చూపించాడు. సోషల్ మాస్టారు పక్క గదిలోంచి వచ్చి నిలబడిపోయారు.

అప్పుడు రెండో వంత, వేళాకోళం వంతే, ఉన్నట్టుండి మామూలు గొంతుతో అడిగాడు. "మరి ఆల్లు సముద్రంలోకి ఎల్లిపోతే ఫోన్ రాదు కదా, అప్పుడు మీయమ్మ ఏటి చేస్తాది?"

"ఏటీ చెయ్యదు. ఛార్జింగ్ పెట్టి ఉంచుతాది. సిగ్నల్ సరిగా లేదని నన్ను ఫోన్ ఆడుకోనివ్వదు."

అడిగినవాడి తండ్రి కూడా అక్కడే ఉన్నాడని నాకు తర్వాత గుర్తొచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ప్రతి ప్రయాణాన్నీ క్లాసులో నిలబెట్టి చెప్పించక్కర్లేదు. 2018 నవంబర్‌లో గుజరాత్ తీరం నుంచి వేటకెళ్ళిన మనవాళ్ళని పాకిస్తాన్ వాళ్ళు పట్టుకుంటే, 2020 జనవరిలో గానీ వాఘా దగ్గర వదల్లేదు. ఆ తర్వాత నాలుగు నెలలు తిరక్కుండానే లాక్‌డౌన్, వేరావల్‌లో చిక్కుకుపోయిన వేల మంది మత్స్యకారుల్ని ఏప్రిల్ చివర్లో బస్సుల్లో తీసుకొచ్చారు. బయటివాళ్ళకి ఇవి మంచి కథలు. ఈ ఊళ్ళ పిల్లలకి ఇవి ఇంట్లో రాత్రిపూట తగ్గు గొంతుతో మాట్లాడుకునే సంగతులు. అప్పులవాళ్ళ బాధ పడలేక తెల్లారకముందే ఊరు వదిలిన ఇళ్ళు కూడా ఉన్నాయి. అందుకని మా దగ్గర ఒక నియమం ఉంది, చెప్పేవాడు అరచెయ్యి అడ్డం పెడితే వంతలిద్దరూ నోరు మూసుకోవాలి, కారణం అడగకూడదు, టీచర్‌తో సహా. పిల్లలు దీన్ని నేను అనుకున్నదానికంటే గట్టిగా పాటిస్తున్నారు. ఒకడు మటుకు హోంవర్క్ ఎందుకు చెయ్యలేదని అడిగినా అరచెయ్యి అడ్డం పెడుతున్నాడు, వాడి సంగతి వేరు.

ఈ మధ్య బళ్ళల్లో ఫ్యామిలీ ట్రీ ప్రాజెక్టని ఒకటి ఇస్తున్నారు. మా అన్నయ్య ఇంట్లో చూశాను. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి పిల్లకి గుర్తొస్తుంది, వదిన చార్టు కోసం పరిగెడుతుంది, అన్నయ్య ఫోటోలు ప్రింట్ తీయించుకొస్తాడు, చెట్టు బొమ్మ వదిన గీస్తుంది, పిల్ల పక్కన కూర్చుని ఫెవికాల్ రాస్తుంది. పొద్దున్న టీచర్ స్టార్ ఇస్తుంది. తాత ఫోటో ఒక కొమ్మ మీద అతికి ఉంటుంది, ఆయన ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎందుకొచ్చాడో చార్టులో ఎక్కడా ఉండదు. ఆ ఫెవికాల్ టైంలో సగం ఇచ్ఛాపురానికి ఫోన్ చేయిస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది నాకు, వదినతో అంటే "నీకేం, నువ్వు స్టార్లిచ్చే వైపున్నావు" అంది. అదీ నిజమే.

రాయడం దగ్గరికొస్తే, నోటితో రెండుసార్లు చెప్పాకే పెన్ను. మొదటిసారి వంతలు అడిగినవన్నీ రెండోసారి చెప్పేటప్పుడు వాటంతటవే కథలో కలిసిపోతాయి, అప్పుడు రాస్తే బ్రష్ రాదు. మాటలు ఎవరివి వాళ్ళవిగా ఉండనిస్తాను. కథ చెప్పే పిల్లాడు "వెళ్ళాము" అని రాసుకుంటాడు, అది పరీక్షకి కావాలి, కానీ వాళ్ళ మామ్మ "ఎల్లినాం" అంటే కోట్స్‌లో "ఎల్లినాం" అనే ఉండాలి. మామ్మ చేత గ్రాంథికం మాట్లాడించిన పిల్లల్ని చాలామందిని చూశాను, పాపం ఆ మామ్మలు వాళ్ళ ఇంట్లో వాళ్ళే పరాయివాళ్ళలా ఉంటారు.

సోషల్ మాస్టారి అనుమానం ఇంకొకటి. "ఇదంతా బావుంది మేడం, పబ్లిక్ పరీక్షలో కారం పొట్లం చిరిగిందని రాస్తే మార్కులేస్తారా?" వేస్తారనే నా నమ్మకం. స్పాట్ వాల్యుయేషన్‌లో కూర్చున్నవాళ్ళని అడగండి, కట్టలకి కట్టలు ఒకే లేఖ, అందరూ నాలుగింటికే నిద్ర లేచారు, అందరూ ఆనందంగా గడిపారు. మధ్యలో ఒక పిల్లాడి బోగీలో జనం తుమ్ముతుంటే దిద్దే మనిషి కళ్ళజోడు సర్దుకుని కూర్చోడా? తప్పులు లేకుండా రాయడం, లేఖ పద్ధతి, ఎడమవైపు కుడివైపు ఏం రాయాలో, అవి ఎలాగూ చెప్తాం. మాస్టారికి పూర్తిగా నమ్మకం కుదిరినట్టు లేదు గానీ, బర్మా మ్యాపు మాత్రం ఆయనే గీసిచ్చారు.

ఇంట్లో మొదలుపెడదామనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, పెద్దవాళ్ళ ముందు ఫోన్ రికార్డర్ ఆన్ చేసి "ఇప్పుడు చెప్పండి" అనకండి, ఎమ్మార్వో ఆఫీసులో వాంగ్మూలం ఇస్తున్నట్టు కొంగు సర్దుకుని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుండగానో, కరెంటు పోయినప్పుడో, పాత సామాను సర్దేటప్పుడో పిల్లల్ని పక్కన వదిలెయ్యండి. పెట్టె, బిందె, తాళంచెవి, పాత రేషన్ కార్డు, ఏదో ఒక వస్తువు చేతికి దొరకాలి. "మీ కాలంలో ఎలా ఉండేది?" అని అడిగితే ఉపన్యాసం వస్తుంది, "ఇది ఎవరు మోసుకొచ్చారు?" అంటే కథ వస్తుంది. ఇద్దరు రెండు రకాలుగా చెప్తే తగవు తీర్చకుండా రెండూ రాసుకోమనండి.

మా ఇంట్లో ప్రస్తుతం అదే జరుగుతోంది. పెట్టె వచ్చిన ఓడ విశాఖలో ఆగిందని మా నాన్న, కాదు గోపాల్‌పూర్‌లో దిగి ఎద్దుబండి మీద తెచ్చారని మేనత్త. పిల్ల నోట్‌బుక్కులో ఎడమ పేజీ తాతయ్యది, కుడి పేజీ మామ్మది. ఇద్దరూ ఒకరి పేజీ ఒకరు చదివించుకుని మరీ ఖండించుకుంటున్నారు. నాన్నకైతే ఈ వయసులో అక్కతో పోట్లాడటానికి ఒక కారణం దొరికినందుకు హుషారుగానే ఉంది. ముత్తాత పంపిన మనియార్డరు రసీదులు ఏవో మా చిన్నాన్న కొడుకు అమెరికా వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళాడని ఎవరో అన్నారట, పిల్ల వాడికి నిన్న వాట్సాప్‌లో ఏడు ప్రశ్నలు పంపింది. వాడు చూశాడు, బ్లూ టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం ఇంకా రాలేదు.